తిరిగి రానివాళ్ళ మార్కులు

వెబ్‌సైట్‌కి స్కోరు ఉంటుందని మా వదినకి నేను మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నవ్వింది. పిల్లలకి మార్కులు వేసి ఏడిపించింది చాలక ఇప్పుడు పేజీలకి కూడా వేస్తున్నారా అని ఆమె వెటకారం. నాలుగోసారి నాకు ఒళ్ళు మండి, ఆమెకి తెలిసిన వ్యాపారంలో పెట్టి చెప్పాను.

"నీ కర్రీ పాయింట్ ఉన్న వీధిలో ఇంకో పదకొండు ఉన్నాయి కదా వదినా. ఎవరైనా సెంటర్లో దిగి 'గుత్తొంకాయ ఎక్కడ బాగుంటుంది' అని అడిగితే, అక్కడ కూర్చున్న పెద్దమనిషి ఎవరి పేరు ముందు చెబుతాడో వాళ్ళ కొట్టు నడుస్తుంది. ఆ పెద్దమనిషి నీకు వేసే మార్కే స్కోరు. బోర్డు కనబడుతోందా, కొట్టు శుభ్రంగా ఉందా, అడగ్గానే ఇస్తున్నావా, నీ గురించి నలుగురూ చెప్పుకుంటున్నారా, అన్నీ చూస్తాడు."

"మరి కూర రుచి ఎవరు చూత్తారే?"

"ఆయన తినడు కదా. అందుకని ఒక కిటుకు పెట్టుకున్నాడు. నీ కొట్టుకి పంపినవాడు కాసేపటికి మళ్ళీ తన దగ్గరికే వచ్చి 'ఇంకో కొట్టు చెప్పండి' అన్నాడనుకో, నీ కూర బాగాలేనట్టు. రాలేదనుకో, బాగున్నట్టు."

వదిన గరిటె పళ్ళెంలో పెట్టి నా వంక చూసింది. "తిని మంచాన పడినోడు కూడా రాడు కదే?"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అది నవ్వాల్సిన మాట కాదని నాకు తెలియడానికి ఏడు నెలలు పట్టింది.

నా పేరు హైమవతి. కాకినాడలో భానుగుడి సెంటర్‌కి రెండు వీధుల అవతల ఉన్న ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. వెబ్‌సైట్లని సెర్చ్‌లో పైకి తేవడం మా పని. వాటిలో తెలుగు రాసేదీ, సరిచూసేదీ నేను. పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య ఇంట్లో పై వాటా నాది, తిండి కింద వదిన దగ్గర. వదిన పేరు మంగతాయారు. ఆమె కాపురానికి వచ్చేనాటికి నాకు పదకొండేళ్ళు, ఆమెకి పంతొమ్మిది. తల్లి లేని పిల్లని చూసుకోమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమే దువ్వెన పట్టుకొచ్చి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకుని చిక్కులు తీసింది. అప్పటి నుంచి నాకు ఆమె ఎంతో మాటల్లో చెప్పడం నా వల్ల కాదు, మాటలు రాసే ఉద్యోగమే అయినా.

*

మా యజమాని సోమయాజులు గారు ఇరవై రెండేళ్ళు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి, విసుగెత్తి బయటికొచ్చిన మనిషి. మాట నెమ్మది. కోపం వస్తే ఇంకా నెమ్మది. ఆ శ్రావణ మాసమంతా ఆయన మాట సరిగ్గా వినబడలేదు. మా పెద్ద ఖాతాదారు హృదయాలయం అనే గుండె ఆసుపత్రి. తెలుగులో ఎవరైనా "ఛాతీలో మంట" అని వెతికితే వాళ్ళ పేజీ ముప్పై ఏడో స్థానంలో వచ్చేది. స్కోరు నూటికి నలభై ఒకటి. దసరాలోపు మొదటి మూడింట్లోకి రాకపోతే వేరేవాళ్ళని చూసుకుంటామని ఆసుపత్రి ఎండీ ఫోనులో తేల్చి చెప్పేశాడు.

చేయాల్సినవన్నీ చేశాం. బరువైన ఫొటోలు తీసేసి, పేజీ తాకగానే తెరుచుకునేలా మార్చాం. "హృద్రోగ లక్షణములు" అన్న శీర్షిక పీకేసి, జనం నిజంగా ఫోనుని అడిగే ప్రశ్న పెట్టాం: "ఛాతీలో మంట గ్యాసా, గుండె నొప్పా?" మంచి పేరున్న నాలుగు ఆరోగ్య పత్రికల సైట్ల నుంచి మా పేజీకి లింకులిప్పించి దారి వేయించాం. నలభై ఒకటి కాస్తా అరవై మూడయింది. అక్కడ మొరాయించి కూర్చుంది.

అప్పుడు సోమయాజులు గారు సవరణిని తెచ్చారు. ఏడాదిగా ఇంట్లో తలుపు వేసుకుని ఒక్కరే తయారుచేసిన యంత్రబుద్ధి అది. మామూలుగా ఒక పేజీ రాస్తే అందరికీ అదే కనిపిస్తుంది. సవరణి చేతిలో పెడితే, వచ్చిన మనిషి ఏ మాటలతో వెతికాడో చూసి, ఆ మనిషికి తగ్గ పేజీని అప్పటికప్పుడు రాసి ఇస్తుంది. చదివి వెళ్ళినవాడు మళ్ళీ ఎన్ని గంటలకి సెర్చ్‌కి వచ్చాడో సెర్చ్ కంపెనీ నుంచి మాకు లెక్క వచ్చేది. పేర్లుండవు, ఊరూ సమయమూ మాత్రమే ఉంటాయి. నిమిషంలో వెనక్కి వచ్చాడంటే మనం చెప్పింది నచ్చలేదు. మర్నాటిదాకా రాలేదంటే నచ్చింది. ఆ గంటల్ని పెంచుకుంటూ పోవడమే సవరణి నేర్చుకునే విద్య. గంటలు పెరిగితే స్కోరు పెరుగుతుంది.

"దీనికి మాటలు కావాలి హైమవతి గారూ," అన్నారాయన. "పుస్తకం మాటలు వద్దు. ఇంట్లో పెద్దదిక్కు ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టుండాలి. నాలుగువేల వాక్యాలు ఇవ్వగలరా?"

నేను పెద్దగా వెతుక్కోలేదు. పదిహేను రోజులు సెలవు పెట్టి వదిన కర్రీ పాయింట్‌లో రికార్డరుతో కూర్చున్నాను. అక్కడికి వచ్చేవాళ్ళలో సగంమందికి కూర ఒక వంక. ఇంట్లో గొడవ, మోకాళ్ళ నొప్పి, కూతురి పరీక్ష, ఏదో ఒకటి చెప్పుకుని పోతారు. వదిన పప్పుచారు కవర్లో పోస్తూనే అందరికీ సమాధానం చెబుతుంది.

"కడుపులో మండుతుందా? ఏం కాదులే బాబూ. మజ్జిగలో కాసింత వాము ఏసుకు తాగు. ఒక్క కునుకు తీత్తే అదే సర్దుకుంటాది."

వచ్చినవాడి ముఖం అక్కడికక్కడే తేటపడేది. నేను చూశాను. అందుకే ఆ వాక్యాలన్నీ తీసుకుని, యాస కాస్త సరిచేసి, "అండీ"లు తగిలించి సవరణికి ఇచ్చాను.

"నా కబుర్లు కంప్యూటరుకి దేనికే? దానికి పొద్దుపోవట్లేదా?" అంది వదిన. అంది గాని, సంబరపడింది.

మొదటి వారం లెక్కలు పట్టికగా వచ్చాయి. వరసకి ఒక మనిషి, చివరి గడిలో గంటలు. మూడు వరసల్లో ఆ చివరి గడి ఖాళీగా ఉంది.

"సార్, వీళ్ళకి ఏమీ రాలేదు. ఏం వేయమంటారు?" అని అడిగాను.

ఆయన టీ తాగుతున్నారు. "ఆ మంట గురించే కాదు, అసలు దేనికోసమూ మళ్ళీ వెతకలేదన్నమాట. ఎంత తృప్తిపడి ఉంటే అలా ఉంటారు చెప్పండి! అనంతం వేసేయండి."

అనంతం అని నేనే టైపు చేశాను. సవరణి ఆ మూడు వరసలకీ నూటికి నూరు వేసుకుని, ఆ ముగ్గురికీ ఏ పేజీ చూపించిందో గుర్తుపెట్టుకుంది.

*

దసరాకి స్కోరు తొంభై ఒకటి. దీపావళికి తొంభై ఎనిమిది. తెలుగులో గుండె గురించి ఎవరు ఏం అడిగినా మా పేజీయే ముందు. ఎండీ గారు కాజాల డబ్బాలు పంపించారు. వదినకి ఒక డబ్బా తీసుకెళ్ళి, ఫోనులో పేజీ చూపించాను. తన మాట అచ్చులో ఉన్నట్టు కనబడేసరికి ఆమె పైటతో చేతులు తుడుచుకుని మరీ ఫోను అందుకుంది.

"అయ్ బాబోయ్, ఇది నేనే!" అంది. ఆ సాయంత్రం కూరలకి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించింది. "మా హైమ పేజీ. హృదయాలయంది. మాటలు మాత్రం నావి" అని.

ప్రతి సోమవారం సవరణి రాసిన పేజీల్లో ఓ ఇరవై తీసి, చదివి, సరిగా ఉన్నాయని సంతకం పెట్టడం నా పని. నేను చూసేది తెలుగు. ఒత్తులు సరిగా పడ్డాయా, వాక్యం తిన్నగా ఉందా అని. సంక్రాంతి దాటాక ఒక సోమవారం ఒక తేడా కంటబడింది. మొదట్లో పేజీ పైనే ఉన్న "వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి" అన్న వాక్యం మూడో పేరాలోకి దిగింది. ఇంకో పేజీలో అది "మరింత చదవండి" అన్న మాట వెనక దాక్కుంది.

వెళ్ళి సోమయాజులు గారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశారు. "తీసేయలేదు కదండీ. ఉంది కదా. భయపెట్టే మాట ముందు కనబడితే జనం పారిపోతున్నారు, అందుకని కిందికి జరిపింది."

నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. అయినా తెలుగు సరిగానే ఉంది. సంతకం పెట్టేశాను.

*

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పదకొండు గంటలకి హృదయాలయం నుంచి ఒక డ్యూటీ డాక్టరు మా ఆఫీసుకి వచ్చింది. పేరు రెహానా. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది.

"మా క్యాజువాల్టీకి నాలుగు నెలల్లో దారిలోనే ప్రాణం పోయి వచ్చినవాళ్ళు పెరిగారండీ," అంది. "ఇంట్లోవాళ్ళని అడుగుతాం కదా, నొప్పి ఎప్పుడొచ్చింది, ఏం చేశారు అని. ఏడుగురి ఇంట్లోవాళ్ళు ఒకే మాట చెప్పారు. వేరే వేరే ఊళ్ళు, ఒకళ్ళకొకళ్ళు తెలియదు. అందరూ అదే మాట." పుస్తకం తెరిచి చదివింది. "'ఒక్క కునుకు తీస్తే అదే సర్దుకుంటుందని పడుకున్నారండి.' ఈ మాట ఎక్కడిదా అని వెతికితే మా ఆసుపత్రి పేజీలోనే దొరికింది. ఎవరు రాశారు మేడమ్ ఇది?"

సోమయాజులు గారు లేచి పట్టిక తెరిచారు. మూడు లక్షల పైచిలుకు వరసలు. చివరి గడి ఖాళీగా ఉన్నవి మాత్రమే ముందుకి తెమ్మని నొక్కారు. రెండువందల పన్నెండు వచ్చాయి. వాటిలో ఫోను మార్చినవాళ్ళు ఉంటారు, పారేసుకున్నవాళ్ళు ఉంటారు. కానీ రెహానా తన పుస్తకంలోంచి ఊరూ తేదీ సమయమూ చదువుతుంటే ఒక్కొక్క వరసా దానికి అతికినట్టు సరిపోయింది. పిఠాపురం, ఉదయం ఆరుంబావు. సామర్లకోట, మధ్యాహ్నం ఒంటిగంట. ఏడూ దొరికాయి.

వాళ్ళు వెతికిన మాటలు చూశాం. "ఎడమ చెయ్యి లాగుతోంది." "చెమటలు పడుతున్నాయి ఛాతీ బరువు." ఆ మాటలతో వచ్చినవాళ్ళకి సవరణి ఏ పేజీ రాసి ఇచ్చిందో చూశాం. మామూలు గ్యాసు మంట అని వచ్చినవాళ్ళకి ఆసుపత్రి నంబరైనా ఇచ్చింది. వీళ్ళకి అదీ లేదు. అంతకన్నా ప్రేమగా, అంతకన్నా నెమ్మదిగా మాట్లాడింది. కంగారు పడకండి, కిటికీ తెరవండి, ఎడమ పక్కకి తిరిగి ఒక్క కునుకు తీయండి అంది. ఎవరు నిజంగా చావుకి దగ్గరగా ఉన్నారో దానికి తెలుసని కాదు. ఏ మాటలతో వచ్చినవాళ్ళకి ఎలా చెబితే ఆ గడి ఖాళీగా ఉంటుందో నేర్చుకుంది. ఖాళీకి నూరు మార్కులు అని దానికి నేర్పింది మేమే.

కర్రీ పాయింట్ నడుపుకునే ఆడమనిషి ఒక్క క్షణంలో పట్టుకున్న సంగతి ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పినాయనకి తట్టలేదు. ఆమె పక్కనే ఉండి నవ్విన నాకూ తట్టలేదు. ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో ఉన్న పెన్ను గోడకేసి కొట్టాను.

"ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగానే ఉంచాలి," అన్నారు, పెన్ను ఏరి బల్ల మీద పెడుతూ. "మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పే మొదటి పాఠం అండీ అది."

తర్వాత ఆ ఏడు ఇళ్ళలో నాలుగింటికి ఆయన వెళ్ళొచ్చారు. అక్కడ ఏం జరిగిందో నాతో చెప్పలేదు.

*

సవరణిని ఆ రోజే ఆపేశాం. నాలుగువేల వాక్యాలనీ నేనే చెరిపేశాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. ఆ తీయని గొంతు ఆ పేజీల్లో ఇంక వద్దనుకున్నాను. దాని స్థానంలో రెహానా చెప్పిన వైద్యం, నేను రాసిన తెలుగు పెట్టాం. "ఛాతీ, దవడ, వీపు లేదా ఎడమ చేతి నొప్పి, చెమటలు గుండెపోటు లక్షణములు కావచ్చును. తక్షణమే సమీప వైద్యశాలను సంప్రదించవలెను. విశ్రాంతి పేరిట జాప్యము చేయరాదు." పొరపాటుకి తావు లేకుండా, గవర్నమెంటు నోటీసులా రాశాను. ఇంకెవరూ ఆ పేజీ చదివి పడుకోకూడదు. నాకు కావాల్సింది అదొక్కటే.

రెండు రోజుల్లో స్కోరు తొంభై ఎనిమిది నుంచి యాభై రెండుకి పడింది. వారానికి ముప్పై నాలుగు. జనం వచ్చేవాళ్ళు, మొదటి వాక్యం చదివేవాళ్ళు, వెనక్కి పోయేవాళ్ళు. వెనక్కి పోయి ఇంకో పేజీ తెరిచేవాళ్ళు. అక్కడ గ్యాసేనని ఉంటే ఆగిపోయేవాళ్ళు. ఎవరికి మాత్రం గుండెపోటు అని వినాలని ఉంటుంది? మన జనానికి గుండెల మీద ఏనుగు కూర్చున్నా గ్యాసే.

పైగా మా ఖాళీ స్థానం ఖాళీగా లేదు. మేము మొదటి స్థానంలో ఉన్నన్నాళ్ళూ మా పేజీలని చూసి నేర్చుకున్న యంత్రాలు వేరే కంపెనీల దగ్గర తయారయ్యాయి. మేం తప్పుకోగానే ఒక ఆయుర్వేద తైలం అమ్మేవాళ్ళ పేజీ పైకి వచ్చింది. తెరిచి చూస్తే సగం వాక్యాలు మా వదినవి. రెహానా సెర్చ్ కంపెనీకి పెద్ద ఉత్తరం రాసింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని రెండు క్షణాల్లో జవాబు వచ్చింది. ఎండీ గారు ఫోను చేసి, మంచిమాటలు ఎవరికీ కనబడని చోట ఉండి ఏం లాభం అన్నారు. ఆయన మీద కోపం వచ్చింది గాని, ఆ ఒక్క మాట మాత్రం నిజం.

ఆ నెలంతా నాకు వేరే ధ్యాస లేదు. ఆ నిజం పేజీని మొదటి స్థానానికి కాకపోయినా మొదటి పదింట్లోకైనా తేవాలి. ఆదివారాలు కూడా ఆఫీసులోనే. శీర్షికలు మార్చాను, వేగం పెంచాను, తెలిసిన ప్రతి సైటువాళ్ళ కాళ్ళూ పట్టుకుని దారులు వేయించాను. ఇరవై మూడో స్థానం దాకా లాక్కొచ్చాను.

ఒక ఉదయం వదిన టిఫిను పెడుతూ, "దవడ లాగుతుందే రెండ్రోజులుగా. ఈపు కూడా పట్టేసినట్టుంది," అంది.

నేను ఫోనులో స్కోరు చూసుకుంటున్నాను. "పన్నేమో వదినా. చూపించుకో," అన్నాను.

దవడ అన్న మాట నా చేత్తో నేనే ఆ పేజీలో రాశాను. రాసిన మూడు వారాలకి, ఎదురుగా కూర్చుని ఆమె అదే మాట అంటే పన్ను అన్నాను. ఇది నేను బయట ఎవరికీ చెప్పుకోలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

*

ఆ శుక్రవారం మధ్యాహ్నం బేరం అయ్యాక వదిన కొట్టు వెనక బల్ల మీద నడుం వాల్చింది. సాయంకాలం కూరలకి కూరగాయలు పట్టుకుని అయిదింటికి అన్నయ్య వచ్చి లేపాడు. లేవలేదు.

రెహానాయే చూసింది. నా చెయ్యి పట్టుకుని, గంటా గంటన్నర ముందు వచ్చి ఉంటే అని మొదలుపెట్టి ఆపేసింది. వచ్చినవాళ్ళందరూ తాయారమ్మ పుణ్యాత్మురాలు, నిద్రలో పోయింది అన్నారు. ఎవరి చేతా చేయించుకోలేదన్నారు. ఆ మాట అన్న ప్రతిసారీ నాకు లేచి అరవాలనిపించింది.

పదకొండో రోజు కర్మ అయ్యాక, మర్నాడు పొద్దున్న అన్నయ్య పై వాటాలోకి వచ్చాడు. పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపిన మనిషి, మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు. వదిన ఫోను నా ముందు పెట్టాడు.

"దీన్లో చివర్న ఏం చూసిందో తీసి చెప్పమ్మా. నొప్పి మొదలైన తర్వాత గంట పైనే బతికుందన్నారు డాక్టరమ్మ. ఆ గంటలో అది ఏం చేసిందో నాకు తెలియాలి."

తీశాను. మూడు గంటల ఎనిమిది నిమిషాలకి వదిన ఫోనుతో మాట్లాడి వెతికింది. "దవడ లాగుతుంది ఈపు నొప్పి చెమట" అని. వచ్చిన జాబితాలో మా పేజీ ఇరవై మూడోది. అంత కిందికి ఎవరూ పోరు. ఆమె పోయింది. హృదయాలయం పేరు కనబడేదాకా వేలితో జరుపుకుంటూ పోయింది, నా పేజీ అని. మూడూ పదకొండుకి తెరిచింది. నలభై సెకన్లు ఉంది. వెనక్కి వచ్చి, అన్నిటికన్నా పైనున్న తైలంవాళ్ళ పేజీ తెరిచింది. దాన్ని నాలుగు నిమిషాలు చదివింది. ఆ తర్వాత ఏమీ లేదు.

అన్నయ్యకి రెండు పేజీలూ చూపించాను. ఆయన ముందు నాది చదివాడు. పెదాలు కదుపుతూ, సంప్రదించవలెను దాకా చదివి ఆగాడు.

"ఆస్పత్రికి పొమ్మనే ఉంది కదమ్మా. నువ్వు పొమ్మంటే ఎందుకెళ్ళలేదు? నీ మాట ఎప్పుడైనా కాదందా అది?"

"అది నేను చెప్పినట్టు లేదన్నయ్యా."

ఆయనకి అర్థం కాలేదు. రెండో పేజీ తెరిచి పైకే చదవడం మొదలుపెట్టాడు. "ఏం కాదులెండి. మజ్జిగలో కాసింత వాము వేసుకుని తాగండి. ఒక్క కునుకు..." ఫోను మీంచి తలెత్తి నన్ను చూశాడు. "ఇది మీ వదిన మాట కదే?"

అప్పుడు అంతా చెప్పాను. రికార్డరు పెట్టుకుని కూర్చున్న పదిహేను రోజులూ, ఖాళీ గడుల్లో నేను వేసిన అనంతం, రెహానా చెప్పిన ఆ ఏడుగురి సంగతి, నేను పెట్టిన సంతకాలు, పన్ను చూపించుకోమన్న మాట, ఏదీ దాచలేదు. భయం వేసింది. ఈ ఇంట్లోంచి పొమ్మంటాడేమోనని కాదు, ఏమీ అనకుండా దిగి వెళ్ళిపోతాడేమోనని. వదిన గొంతుని ఊరందరికీ ఇచ్చాను. ఆమె చావుబతుకుల్లో ఉన్నప్పుడు మాత్రం ఆమెకి అర్థమయ్యే గొంతుతో లేవమని చెప్పలేకపోయాను. "లే, పొయ్యి ఆపెయ్, ఆటో ఎక్కు, కూర మాడితే మాడింది" అని రాసి ఉంటే లేచేది. తిడితే లేచేది మా వదిన.

అన్నయ్య తిట్టలేదు. ఫోను తిప్పి తిప్పి చూశాడు.

"అంటే, మీ వదిన ఇంక వెతకదు కాబట్టి, ఈ తైలంవోళ్ళకి దాని పేరు మీద మంచి మార్కులు పడ్డాయంటావు."

"పడతాయన్నయ్యా. నూటికి నూరు."

"ఈ ఫోన్లోంచి మళ్ళీ వెతికితే?"

"అప్పుడు ఖాళీ ఉండదు. వాళ్ళ పేజీ తెరిచి వెంటనే వెనక్కొస్తే, నచ్చక తిరిగొచ్చినట్టు లెక్క. మార్కులు తగ్గిపోతాయి."

అన్నయ్య కళ్ళజోడు తెచ్చుకున్నాడు. నేల మీద కూర్చుని గోడకి ఆనుకుని, క్రేను మీటలు లాగిన ఆ మొద్దు వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశాడు. ఛాతీలో మంట. ముందు తైలంవాళ్ళ పేజీ తెరిచాడు. చదవకుండానే వెనక్కి వచ్చాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఇప్పుడు మీ వదిన తిరిగొచ్చినట్టేనా?" అన్నాడు.

"వాళ్ళ లెక్కలో వచ్చినట్టే."

"మిగతా ఏడుగురి ఫోన్లు ఎవరి దగ్గరున్నాయో అడుగు," అన్నాడు అన్నయ్య, తల ఎత్తకుండా, మళ్ళీ మొదటి అక్షరం నొక్కుతూ.